నీళ్ళు తాగిన గులాబీ అచ్చు

మా అత్తమ్మ దగ్గర ఒక ఇనుప అచ్చు ఉండేది. అరచేతి వెడల్పు, ఎనిమిది రేకుల పువ్వు ఆకారం, దాని నడుమ నుంచి పైకి మూరెడు కాడ. దాన్ని నూనెలో కాచి, మైదాపిండి జారులో ముంచి, మళ్ళీ నూనెలో పెడితే గులాబీ పువ్వు తయారై రాలేది. క్రిస్మస్‌కి మా కిరస్తానీ ఇళ్ళల్లో చేసే తీపి అది. మిగతా పిండివంటలు అందరూ చేస్తారు. గులాబీ పువ్వులు మాత్రం అచ్చు ఉన్న ఇంట్లోనే అవుతాయి.

ఆ అచ్చు అత్తమ్మకు వాళ్ళమ్మ ఇచ్చింది. వాళ్ళమ్మ మిషన్ దవాఖానాలో వంటమనిషి. అక్కడ పనిచేసిన ఒక నర్సమ్మ తన దేశం వెళ్ళిపోతూ, పెట్టెలో బరువు ఎక్కువైందని ఇది తీసి చేతిలో పెట్టిందట. అట్లా వచ్చిన అచ్చు నాచారంలో మా రెండు గదుల కిరాయి ఇంట్లో, అత్తమ్మ మంచం పైన గోడకు కొట్టిన మొలకు వేలాడుతూ ఉండేది. పదకొండు నెలలు నూనె గుడ్డలో చుట్టుకుని నిద్రపోయేది. దానికి ఒకటే నియమం. నీళ్ళు తగలకూడదు. "దీనికి తానం లేదు పిల్లా. నూనెనే దీని తానం" అనేది అత్తమ్మ. పెళ్ళయి వచ్చిన మొదటి ఏడాది నుంచి ఆ మాట విన్నాను. విన్నానే కానీ ఎందుకని అడగలేదు. అత్తమ్మను ఎందుకని అడిగేవాళ్ళు మా ఇంట్లో లేరు.

మా చర్చి అప్పట్లో రేకుల షెడ్డు. క్రిస్మస్ పొద్దున ఆరాధన అయిపోయాక సండే స్కూలు పిల్లలంతా వరసగా నిలబడితే, ఒక్కొక్కరికి కాయితం పొట్లంలో రెండు గులాబీ పువ్వులు ఇచ్చేవారు. ఆ షెడ్డు వేసిన ఏడాది నుంచి ఆ పువ్వులు మా అత్తమ్మే చేసింది. అరవై మంది దాకా పిల్లలు. కొత్త బట్టల మీద నూనె మరకలు చేసుకుని పొట్లాలు విప్పేవాళ్ళు. ఉప్పల్ నుంచి, హబ్సిగూడ నుంచి నడిచి వచ్చే పిల్లలు కూడా ఉండేవారు. వాళ్ళు ప్రసంగం కోసం వచ్చారో పువ్వుల కోసం వచ్చారో దేవుడికే తెలుసు.

నేను చెప్పబోయేది ఎనభైలు దాటబోతున్నప్పటి సంగతి. మావాడికి అప్పుడు రెండేళ్ళు నిండి రెండు నెలలు.

ఆ చలికాలం మొదట్లోనే అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయింది. కంటి మీద పచ్చగుడ్డ కట్టి పంపారు. రెండో కంటికీ పొర కమ్మి ఉంది, వెలుగు చీకటి తప్ప ఏమీ ఆనదు. పొయ్యి దగ్గరకి పోవద్దు, పొగ తగలొద్దు, వంగొద్దు, దగ్గొద్దు, అన్నిటికన్నా ముఖ్యం ఏడవద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. నలభై రోజులు. వేళ్ళు లెక్కపెట్టి చూస్తే పండగ ఆ నలభైలోనే పడింది.

చర్చి స్త్రీల సమాజం కూటంలో సమాజం పెద్ద మెల్లగా విషయం ఎత్తింది. ఆమె టీచరు పని చేసి దిగిన మనిషి, మాట నిదానం.

"అక్కకు బాగా లేదు కదా. ఈసారికి బేకరీ నుంచి బిస్కెట్ పొట్లాలు తెప్పిద్దాం. పిల్లలకు ఏదైతేంది, తీపి కావాలె గంతే."

నలుగురు తలలు ఊపారు. అత్తమ్మ ముందు వరసలో చాప మీద కూర్చుని ఉంది. తల తిప్పకుండానే అంది.

"నా కోడలు చేస్తది."

నేను వెనక వరసలో ఉన్నాను. మావాడు ఒడిలో కూర్చుని నా మెడలో గొలుసు నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. అందరూ ఒక్కసారే వెనక్కి తిరిగి చూశారు. నేను ఆ అచ్చును చేత్తో పట్టుకుని పిండిలో ముంచింది అప్పటికి ఒక్కసారి కూడా లేదు. నాలుగేళ్ళుగా పిండి కలపడం, కొబ్బరి తురమడం, పువ్వులు తీసి గంపలో పేర్చడం, అంతవరకే నా పని. ముంచే చెయ్యి అత్తమ్మదే.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో అడిగాను.

"అత్తమ్మా, నాకు రాదు కదా."

"నాకూ పుట్టంగనే రాలే."

"చెడిపోతే?"

"చెడగొట్టకు." నా భుజం మీద చెయ్యి వేసి నడుస్తోంది, ఆ చెయ్యి కాస్త బిగిసింది. "సూడు బిడ్డా. ఈ ఏడు బిస్కెట్లు వచ్చినయనుకో, వచ్చే ఏడు గూడ బిస్కెట్లే వస్తయి. అల్కగైన పనికి అలవాటైతె మల్ల కష్టానికి చెయ్యి దిగదు. మా అమ్మ దవాఖానాల రోగులకు చేసింది, నేను పిల్లలకు చేసిన. ఒక్క పండగ తప్పిందంటే గా అచ్చు మొలకు ఉండుడే, దించేటోళ్ళు ఉండరు."

అంతే, ఆ రోజు నుంచి నాకు నిద్రలో కూడా ఎనిమిది రేకులే కనిపించాయి.

ఇక్కడ మావాడి గురించి చెప్పాలి. వాడికి ఒకే ఒక విద్య వచ్చు. చేతికి దొరికింది తీసుకెళ్ళి వాకిట్లో హౌజులో వెయ్యడం. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి కనుక సిమెంటు తొట్టి ఒకటి కట్టించి ఉంచాడు ఇంటి ఓనరు. దాన్నే హౌజు అంటాం. వాడు అందులో గరిటె వేశాడు, వాళ్ళ నాన్న చెప్పు వేశాడు, దువ్వెన వేశాడు, ఒకసారి ఉడికిన ఆలుగడ్డ వేశాడు. వేసి, వచ్చి, రెండు చేతులూ చాచి "బుడుంగ్" అని చెప్పేవాడు. దాచుకోవడం తెలియదు పాపం, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకునేవాడు. వాడు నడక నేర్చాక మా ఇంట్లో సామానంతా గోడలు ఎక్కింది. ఉప్పు డబ్బా, సబ్బు పెట్టె, వాక్యపుస్తకం, అన్నీ వాడికి అందని ఎత్తున. ఆ ఏడాది క్రిస్మస్ స్టారు కూడా వెదురు బద్దలకు ఎర్రకాయితం అంటించి మా ఆయన ఎంత పైకి కట్టాడంటే, వీధిలో పోయేవాళ్ళు మెడలు నొప్పెట్టేలా చూసేవాళ్ళు. కాయితపు గొలుసులు తలుపు పైచెక్కకు మాత్రమే కట్టాం. కిందంతా వాడి రాజ్యం.

పండక్కి ఎనిమిది రోజుల ముందు, అత్తమ్మ నిద్రపోతున్నప్పుడు, అచ్చును మొల మీంచి దించి గుడ్డ విప్పాను. ఎట్లా పట్టుకోవాలో, ఎట్లా ముంచాలో ఊరికే గాలిలో చేసి చూసుకుందామని. వాకిట్లో ఎండకు నిలబడి చెంబులో ముంచినట్టు, తీసినట్టు, నాలుగుసార్లు చేశాను. అప్పుడే నల్లా వచ్చింది. పక్కవాళ్ళు బిందెలు పెట్టేలోపు పైపు తగిలించాలి. అచ్చును అరుగు మీద పెట్టి పరుగెత్తాను.

తిరిగి వచ్చేసరికి అరుగు మీద నూనె గుడ్డ ఉంది. అచ్చు లేదు.

వాడు నా ఎదురుగా వచ్చి రెండు చేతులూ చాచాడు. "బుడుంగ్."

హౌజులో కర్ర పెట్టి తిప్పాను. అప్పటికి సగం నిండింది, నీళ్ళు బురదగా ఉన్నాయి. చేతులు భుజాల దాకా పెట్టి వెతికాను. దొరకలేదు. వాడు అన్నిటికీ ఆ మాటే అంటాడు కదా, ఈసారి నిజం కాదేమో అని మంచాల కింద వెతికాను, బియ్యం డబ్బాలో వెతికాను, వెనక గల్లీలో మోరీ పక్కన కూడా వెతికాను. మొల మీద ఖాళీ నూనె గుడ్డను అచ్చు ఉన్నట్టే చుట్టి తగిలించాను. అత్తమ్మకు చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది, ఏడిస్తే కన్ను పోతుంది. నేను చెప్పకపోవడానికి అదొక్కటే కారణమని అప్పుడు అనుకున్నాను. భయం కూడా ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మూడో రోజు హౌజు అడుగంటింది. మూలన, నీళ్ళు పోయే తూములో కాడ దూర్చుకుని, బోర్లా పడి ఉంది. పైకి తీస్తే ఇటుకపొడి చల్లినట్టు ఎర్రగా తుప్పు.

ఆ రోజు నేను చేసిన పని ఇప్పటికీ గుర్తొస్తే నవ్వొస్తుంది. చింతపండు పులుసు, బూడిద, కొబ్బరిపీచు తీసుకుని కూర్చుని ఒక పూటంతా తోమాను. ఇత్తడి బిందెను తోమినట్టు తోమాను. రేకుల సందుల్లో పుల్ల పెట్టి గీకాను. సాయంత్రం మా ఆయన షిఫ్టు దిగి వచ్చి చూశాడు. ఆయన నాచారం కార్ఖానాలో ఫిట్టరు. ఇనుము కనిపిస్తే ఆయన చేతులు ఊరుకోవు.

"సందులల్ల ఇంక ఎర్రగనే ఉంది. రేపు నేను తీసుకపోత. ఎమరీ కాయితం వెట్టి రుద్ది, బఫింగు మిషన్ మీద పట్టిస్త. అద్దం లెక్క చేసి తెస్త."

నిజంగానే అద్దంలా చేసి తెచ్చాడు. లుంగీ అంచుతో తుడిచి నా ముఖం ముందు పెట్టాడు. రేకు రేకులో దీపం కనిపించింది.

"ఎట్లుంది?"

"కొత్తదానికంటె కొత్తగుంది."

"మల్లేమనుకున్నవ్" అన్నాడు. ఇద్దరం దొంగతనం దొరక్కుండా దాటించినవాళ్ళలా సంబరపడ్డాం. మా ఇంట్లో తోమడం వచ్చిన మనిషి, మెరిపించడం వచ్చిన మనిషి, ఇద్దరూ ఉన్నారు. ఆ అచ్చుకు ఏం కావాలో తెలిసిన మనిషి మాత్రం పక్క గదిలో కంటికి గుడ్డ కట్టుకుని పడుకుని ఉంది.

పండక్కి రెండు రోజుల ముందు పొద్దున్నే పని మొదలుపెట్టాను. మైదా, బియ్యప్పిండి, చక్కెర, కోడిగుడ్లు, నువ్వులు, ఇలాచీ, కొబ్బరిపాలు. పక్కింటి ఆమె కొబ్బరి తురమడానికి వచ్చింది. వాళ్ళది కోస్తా వైపు, కాకినాడ దగ్గర ఊరు. భర్త హబ్సిగూడలో సైన్సు వాళ్ళ ఆఫీసులో గుమాస్తా. వాళ్ళు హిందువులే కానీ పండగ ఎవరిదైనా ఆమె చెయ్యి ముందుండేది.

వంటగదికి తలుపు లేదు. మరుగుతున్న నూనె, పక్కన మావాడు. అప్పుడు అత్తమ్మ ఒక ఉపాయం చేసింది. తన పాత చీర ఒకటి తీసి, ఒక కొస వాడి నడుముకు కట్టింది, రెండో కొస తన ముంజేతికి చుట్టుకుంది. గడపకు ఇవతల మంచం మీద కూర్చుంది. వాడు ఎటు పోతే చీర అటు లాగేది. కన్ను కనపడకపోయినా వాడు ఎక్కడున్నాడో చెయ్యి చెప్పేది.

"ఇగ కానియ్యి" అంది.

నూనె కాగింది. అచ్చును నూనెలో పెట్టి వేడి చేశాను. తీసి పిండిలో ముంచాను, మూడొంతులే, పైదాకా ముంచితే పువ్వు అచ్చును మింగేస్తుందని నాకు తెలుసు. సుయ్యిమని చప్పుడైంది. బాగానే ఉందనుకున్నాను. మళ్ళీ నూనెలోకి దించాను. వేగింది. ఊపాను. రాలలేదు. ఇంకా ఊపాను. పుల్లతో కాడ మీద కొట్టాను. టక్ టక్ టక్. పువ్వు రాకుండా ముక్కలై రాలింది, సగం అచ్చుకే పట్టుకుంది. గీకి, మళ్ళీ ముంచాను. మళ్ళీ అంతే. మూడోదీ అంతే. నాలుగోది మాడింది.

పక్కింటి ఆమె తురమడం ఆపింది. "ఏంటండీ, వదలట్లేదా?"

నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను. కానీ పక్క గదిలోంచి అప్పటికే గొంతు వచ్చింది.

"ఎన్నిసార్లు కొడ్తవే? ఒక్కసారి ఊపితె రాలాలె. నేను కూసున్నకాడికి నాలుగు పువ్వులు పోయిన చప్పుడినబడ్డది."

"నూనె సరిగ్గ కాగలే అత్తమ్మా."

"కాగింది. వాసన నాకు తెల్వదా. అచ్చు ఇటు తే."

చల్లార్చి, తుడిచి తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. అత్తమ్మ దాన్ని వేళ్ళతో తడిమింది. రేకు రేకూ తడిమింది. ఆమె బొటనవేలు ఇనుము మీద జారిపోయింది.

"నున్నగున్నది" అంది. "ఎవలు తోమిన్రు?"

"నేనే."

"ఇది చేతితోని తోమిన నునుపు గాదు."

"మీ కొడుకు కార్ఖానాల గూడ జర..."

"ఎందుకు?"

"తుప్పు పట్టింది అత్తమ్మా."

"నూనె గుడ్డల ఉన్నదానికి తుప్పెందుకు పడ్తది?"

అంతలో చీర కదిలింది. మావాడు అత్తమ్మ మోకాళ్ళ దగ్గరకు వచ్చి, అచ్చు మీద చెయ్యి వేసి, వాళ్ళ నాయనమ్మ ముఖంలోకి చూస్తూ, నిజాయితీగా చెప్పాడు.

"బుడుంగ్."

లోపల నూనె చిటపటలాడుతోంది. అత్తమ్మ పచ్చగుడ్డ కిందనుంచి బుగ్గ వణికింది. ఏడుస్తుందేమోనని నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"డాక్టరు ఏడవద్దన్నడు గనక మీరు ముగ్గురూ బతికిపోయిన్రు" అంది. తర్వాత, "ఎన్ని దినాలాయె?"

"ఆరు దినాలు."

"ఆరు దినాలు ఉత్త గుడ్డను మొలకు తగిలిచ్చి నన్ను జోకొట్టినవ్."

సమాజం వాళ్ళకు కబురు పంపి బిస్కెట్లు తెప్పించుకొమ్మని చెబుదామా అని నోటి దాకా వచ్చింది. అత్తమ్మ అచ్చును నా చేతిలో పెట్టింది.

"సరే. నీళ్ళు తాగిందాన్ని మల్ల నూనెకు అలవాటు చెయ్యాలె. ఇప్పుడిది నర్సమ్మ పెట్టెలకెళ్ళి తీసినప్పుడు ఎట్లుండెనో గట్లున్నది. మా అమ్మ అప్పుడు చేసినట్టు నువ్వు చెయ్యి."

పక్కింటి ఆమె గడప దగ్గర నిలబడి, "పిన్నిగారూ, మా దోసెల పెనం ఎవరైనా తోమేస్తే ఇంతేనండీ. ఉల్లిపాయ సగానికి కోసి నూనెలో ముంచి రుద్దుతాం" అంది.

"గులాబీ పువ్వులకు ఉల్లిగడ్డ వాసనా? చర్చిల పిల్లలు దోసె అనుకుని చట్నీ అడుగుతరు."

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. భయం కొంచెం దిగింది.

పొగ తగలకుండా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని, అత్తమ్మ మంచం మీంచే పని చేయించింది. నూనె పొగలు పోయేదాకా కాచి, అచ్చును అందులో వదిలెయ్యమంది. తీసి, చల్లార్చి, పొడి గుడ్డతో తుడిచి, మళ్ళీ నూనెలో పెట్టమంది. తీసిన ప్రతిసారీ రంగు అడిగింది.

"ఎట్లున్నది?"

"ఎండుగడ్డి రంగున్నది అత్తమ్మా."

"మల్ల పెట్టు."

"ఇప్పుడు నీలంగైంది."

"నీలం గాదు. నల్లగ కావాలె. కాకి రెక్క లెక్క."

మధ్యాహ్నం అన్నం తినడానికి వచ్చిన మా ఆయన గడప దగ్గరే ఆగిపోయి ఆ నీలం చూశాడు. కార్ఖానాలో ఇనుము కాగినప్పుడు వచ్చే రంగులన్నీ ఆయనకు తెలుసు, వరసగా చెప్పబోయాడు. అత్తమ్మ అడ్డుకుంది.

"నీ మెరుపు నీ కార్ఖానాల పనికొస్తది కొడుకా. మా వంటింట్లకు మాత్రం నలుపే కావాలె. అన్నం తిని పో."

ఆయన తల వంచుకుని తిని పోయాడు.

రెండో విడతకే మా నూనె మడ్డిలా నల్లబడింది. ఇక పువ్వులు వేయించడానికి పనికిరాదు. ఏం చెయ్యాలా అని చూస్తుంటే పక్కింటి ఆమె వెళ్ళి వాళ్ళ వేరుసెనగ నూనె డబ్బా తెచ్చి కింద పెట్టింది. "మీ అబ్బాయి మా చెంబు కూడా వేశాడండీ హౌజులో, ఇది వెయ్యకముందే వాడేద్దాం" అంది.

మూడోసారి, నాలుగోసారి. అయిదోసారి తీస్తే అచ్చు మసి పూసినట్టు నల్లగా, మెత్తటి నిగారింపుతో ఉంది. అప్పటికి ఎండ వాకిలి దాటింది. ఇంతసేపూ పక్కన పెట్టిన పిండి ఎట్లుందోనని నేను అడిగేలోపే అత్తమ్మ అంది.

"పిండి గరిటెతోని ఎత్తి జారిడువు. నాకినబడాలె."

ఎత్తి జారవిడిచాను.

"తప్ తప్ మని పడ్తున్నది. చిక్కగైంది. జరంత కొబ్బరిపాలు పొయ్యి."

పోసి మళ్ళీ జారవిడిచాను. ఈసారి చప్పుడు లేకుండా జారింది.

"గదీ. ఇగ ముంచు."

కొత్త నూనె కాగింది. అచ్చు పెట్టి, ఇరవై దాకా లెక్కపెట్టి, తీసి, మూడొంతులు ముంచాను. సుయ్యిమంది. నూనెలోకి దించాను. చుట్టూ నురగ ఎగిసింది. ఒక్కసారి, మెల్లగా ఊపాను.

"రాలింది" అంది అత్తమ్మ గడప అవతల నుంచి.

నాకంటే ముందు ఆమెకు తెలిసింది. నేను చూసేసరికి పువ్వు అచ్చును వదిలి నూనె మీద తేలుతోంది. ఎనిమిది రేకులు, ఎనిమిదీ ఉన్నాయి. పక్కింటి ఆమె చప్పట్లు కొట్టింది, అది చూసి మావాడూ కొట్టాడు. ఆ మొదటి పువ్వు చల్లారాక వాడి చేతికిస్తే వాడు తినలేదు. నడిమి సందులో వేళ్ళు దూర్చి, గాజులా చేతికి తొడుక్కుని, అత్తమ్మ చుట్టూ చీరతో ఒక ప్రదక్షిణం చేశాడు. హౌజు వైపు చూశాడు కూడా. చీర చాలలేదు.

ఆ తర్వాత ఇక నా చెయ్యి ఆగలేదు. కాచు, ముంచు, దించు, ఊపు. మొదటి యాభై దాకా లెక్కపెట్టాను, తర్వాత లెక్క మరిచి పాట అందుకున్నాను. అత్తమ్మ మంచం మీంచి కలిసింది. ఆ పూట సగం, మర్నాడు మిగతా సగం. గంప నిండి, డబ్బాలు నిండి, పక్కింటి ఆమె స్టీలు డబ్బాలు కూడా నిండాయి. పొద్దున ముక్కలైన పువ్వులన్నీ మావాడే తిన్నాడు. ఆ రోజు చెడిపోయిందంటూ ఏమీ లేదు.

పండగ పొద్దున మేం నలుగురం ఒకే తాను బట్ట కట్టుకుని బయలుదేరాం. ఉప్పల్ అంగడిలో కొన్న నీలిపూల బట్ట. అత్తమ్మకు రవిక, నాకు రవిక, మా ఆయనకు చొక్కా, వాడికి చొక్కా. మా ఆయన పూల చొక్కా వేసుకోనని వారం రోజులు మొరాయించి చివరికి వేసుకున్నాడు. చర్చి వెనక పండగ భోజనానికి పెద్ద నీళ్ళ డ్రమ్ము పెడతారని తెలుసు కనుక అత్తమ్మ చీర తాడు విప్పలేదు. గుడ్డ తీసి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. చర్చి గుమ్మంలోంచి వాడు ముందు, చీర కొస పట్టుకుని ఆమె వెనక. వాడు లాగిన చోటికి ఆమె నడిచింది. జనం దారి ఇచ్చారు. రాజును ముందు పెట్టుకుని నడిచే రాణిలా నడిచింది మా అత్తమ్మ.

ఆరాధన అయ్యాక పిల్లలు వరస కట్టారు. పొట్లాలు నేనే ఇచ్చాను. ఒక పిల్ల పువ్వును కంటికి ఆనించుకుని సందుల్లోంచి పాస్టరు అయ్యగారిని చూసింది. ఇంకొకడు రెండూ ఒకేసారి నోట్లో పెట్టుకున్నాడు. కాసేపటికి షెడ్డంతా ఒకటే చప్పుడు. అరవై నోళ్ళు కరకరలాడుతున్న చప్పుడు. అత్తమ్మ గోడవారన కుర్చీలో కూర్చుని, తల ఒక పక్కకు వాల్చి ఆ చప్పుడు విన్నది. నేను ఒక పువ్వు తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. రేకులు వేలితో లెక్కపెట్టింది. చెవి దగ్గర పెట్టి ఒక రేకు విరిచింది. నోట్లో వేసుకుంది.

సమాజం పెద్ద వచ్చి ఆమె పక్కన నిలబడింది. "అక్కా, ఒద్దన్నా వినకుంట ఒంటికన్నుతోని చేసినవా ఏంది? ఎప్పటి తీరే ఉన్నయి."

ఆ మాటకు మా అత్తమ్మ ఊరికే ఉండిపోయి ఉంటే ఆ మెప్పు ఆమెకే పోయేది. నేనూ ఏమీ అనుకోకపోదును.

"నేను మంచం దిగలే. నా కోడలు చేసింది" అంది అత్తమ్మ. "అచ్చు నీళ్ళల్ల పడి తుప్పు పట్టింది. మల్ల నూనెకు అలవాటు చేసి, నూరు మీద ఇరవై దించింది. మీ ఇండ్లకు పంపే పళ్ళాలు వేరె." ఆగి, "ఎప్పటి తీరు గాదు. నావి ఇంత కరకరలాడకపోయేవి" అంది.

సమాజం పెద్ద నా వైపు చూసి నవ్వింది. "అయితే వచ్చే ఏడు గూడ నీదేనమ్మా" అని, బిస్కెట్ల మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ఏడాదే కాదు, ఆ షెడ్డు పోయి స్లాబు పడ్డాక కూడా ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, పళ్ళాల్లో పువ్వులు పెట్టి చుట్టుపక్కల ఇళ్ళకు పంచాం. పక్కింటి ఆమెకు అందరికన్నా పెద్ద పళ్ళెం. తిరిగి వచ్చేసరికి అత్తమ్మ కొడుకుతో మొల కొట్టించే పనిలో ఉంది. తన మంచం పైన మొల ఉండగా, నా పొయ్యి పైన గోడకు కొత్త మొల.

"ఇంకింత పైకి" అంటోంది.

"ఇంక పైకంటె నీకు అందదమ్మా" అన్నాడు ఆయన.

"నాకెందుకు అందాలె? దానికి అందితె సాలు."

నేను ఆమెకన్నా జానెడు పొడుగు. చెయ్యి చాచి చూపించాను, అక్కడ కొట్టాడు. నూనె గుడ్డలో చుట్టి అచ్చును నా చేత్తోనే తగిలించాను. అత్తమ్మ మంచం పైన పాత మొల ఖాళీగా ఉండిపోయింది. దాని మీద తర్వాత కళ్ళద్దాల పెట్టె తగిలించుకుంది.

ఇంకో మొల కూడా కొడదామని మా ఆయన కిందికి వంగి సుత్తె కోసం చూశాడు. సుత్తె లేదు. చీర కొస అత్తమ్మ ముంజేతికి ఉంది, రెండో కొస విడిపోయి నేల మీద ఉంది. వాకిట్లోంచి వాడు రెండు చేతులూ చాచుకుని వస్తున్నాడు.